దేవుడు ఇచ్చాడు సరే, సేటు బాకీ సంగతేంటి?

వారాసిగూడలో మేం అద్దెకున్న ఇంట్లో బియ్యం ఎన్ని ఉన్నాయో తెలియడానికి మూత తీసి చూడక్కర్లేదు, చప్పుడు వింటే చాలు. డ్రమ్ము నిండుగా ఉంటే కొలిచే డాల్డా డబ్బా మెత్తగా దిగబడేది, చప్పుడే రాదు. సగానికి వచ్చాక సర్రుమని గీసుకునేది. అడుగంటిన రోజున రేకుకు రేకు తగిలి కీచుమనేది. ఆ కీచు వినపడిందంటే అమ్మ స్టవ్ వెలిగించకముందే ప్రార్థనకు మోకాళ్ల మీద కూర్చునేది.

1993లో నాకు 11 ఏళ్లు. ఆజామాబాద్ ఇండస్ట్రియల్ ఏరియాలో నాన్న ఫిట్టర్‌గా పనిచేసే ఫ్యాక్టరీకి ఆ ఎండాకాలం లాకౌట్ పడింది. మొదటి నెల రేపో మాపో తెరుస్తారన్నారు. రెండో నెల అమ్మ కమ్మలు తాకట్టుకు పోయాయి. మూడో నెల నుంచి కిరాణా అంతా ఉద్దెర. నాలుగో నెలకి ఆ దుకాణం మెట్టెక్కడానికి అమ్మకు మొహం చెల్లలేదు. నన్నూ తమ్ముడినీ కూర్చోబెట్టి చెప్పింది: “ఇంట్ల బియ్యం లేవని ఎవ్వరికీ చెప్పొద్దు బిడ్డా. మనిషికి చెప్తే సాయం అయితది. దేవునికి చెప్తే సాక్ష్యం అయితది.”

చర్చి మొహం చూడనివాళ్ల కోసం ఒక ముక్క. మా దగ్గర సాక్ష్యం అంటే కోర్టులో చెప్పేది కాదు. దేవుడు నాకు ఫలానా మేలు చేశాడని నలుగురి ముందు లేచి నిలబడి చెప్పడం. శుక్రవారం స్త్రీల మైత్రి కూటంలో వాక్యం కన్నా దానికోసమే ఎక్కువమంది వచ్చేవాళ్లు. తప్పేం లేదు, కథలంటే ఎవరికి ఇష్టం ఉండదు!

ఒక సాయంత్రం అమ్మ నన్ను అగ్గిపెట్టెకు పంపింది. చేతిలో చిల్లర ఉంది కాబట్టి ధైర్యంగానే వెళ్లాను. సేటు అగ్గిపెట్టె ఇస్తూ అడిగాడు: “క్యా బేటీ, మీ అమ్మ బియ్యానికి వచ్చి పది రోజులైంది. ఊరికి పోయిందా?” నేను బుద్ధిగా జవాబు చెప్పాను: “లేదు సేటు, ఇంట్లనే ఉంది. బియ్యం అయిపోయినయని ఎవరికీ చెప్పొద్దన్నది.” చెప్పేశాక గానీ ఏం చెప్పానో తెలియలేదు. సేటు ఏమీ అనలేదు. మిగిలిన చిల్లర లెక్కపెట్టి నా చేతిలో వేశాడు.

పొద్దున తలుపు తీస్తే గడప ముందు పది కిలోల బియ్యం సంచి. అమ్మ దాన్ని లోపలికి తేలేదు, అక్కడే గడప మీద కూర్చుని ఏడ్చింది. ఆ వచ్చిన శుక్రవారం కూటంలో లేచి నిలబడి చెప్పింది. “నేను ఏ మనిషికీ నోరు తెరిచి చెప్పలే. ప్రభువుకే చెప్పిన. తెల్లారేసరికి గడప ముందట బియ్యం.” గదంతా స్తోత్రాలు. నేను ఆమె పక్కనే కూర్చుని చాపలోంచి పుల్లలు లాగుతున్నాను. ఆ రోజు నేను లాగిన పుల్లలకు ఆ చాప మూల సగం ఊడిపోయి ఉంటుంది.

క్రిస్మస్‌కు ముందు ఫ్యాక్టరీ తెరిచారు. జీతం చేతికి రాగానే నాన్న బాకీ తీర్చడానికి నన్ను వెంటబెట్టుకుని వెళ్లాడు. ఎర్ర బట్ట అట్ట వేసిన పొడుగాటి ఖాతా పుస్తకం. సేటు వేలు పెట్టి ఒక్కో పద్దూ చదువుతుంటే నాన్న తలూపుతున్నాడు. ఒక దగ్గర ఆగాడు. బియ్యం 10 కిలోలు, 75 రూపాయలు. “ఇవెప్పుడు తీసుకున్నం సేటూ?” సేటు నా వైపు చూశాడు. నేను బిస్కెట్ల సీసా వైపు చూశాను. నాన్న ఇంకేం అడగలేదు, కట్టేశాడు. ఇంటికొచ్చి అమ్మకు చెప్పాడు.

రెండు రోజులు అమ్మ ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. నాకు దెబ్బలు పడతాయనుకున్నాను, పడలేదు. శుక్రవారం కూటంలో మళ్లీ లేచింది. “పోయినసారి చెప్పిన సాక్ష్యంల ఒక పేరు తప్పిపోయింది. ఆ బియ్యం సేటు దుకాణంకెళ్లి వచ్చినయి. కిలో ఏడున్నర. మొన్న కట్టేసినం. దేవునికి స్తోత్రం.” అంతే, కూర్చుంది. ఈసారి స్తోత్రాలు లేవు. వెనకాల ఎవరో ఒక్కరు ఆలస్యంగా అన్నారు, అది కూడా అలవాటు మీద. కూటం అయిపోయాక పాస్టరయ్యగారి భార్య అమ్మ చెయ్యి పట్టుకుని మెల్లగా చెప్పింది: “అట్లా లెక్కలు చెప్తే దేవుని మహిమ తగ్గుతుందమ్మా.”

ముప్పై ఏళ్లు దాటింది. ఆ ఒక్క మాటతో నాకు ఇంకా గొడవ తీరలేదు.

ముందే చెప్తున్నాను, ఇది ప్రార్థనను వెక్కిరించే వ్యాసం కాదు. నేను రోజూ ప్రార్థన చేస్తాను. గ్యాస్ బండ అయిపోతే, మా వాడికి ఫీజు కట్టాల్సి వస్తే, ఉప్పల్ రోడ్డు మీద ట్రాఫిక్‌లో బండి ఆగిపోతే చేస్తాను. ఇంత చిన్న విషయాలకు దేవుణ్ణి పిలవాలా అనేవాళ్లకు నా జవాబు, అనుదినాహారం అడగమని నేర్పించింది ఆయనే. ‘మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము.’ ఆ ‘అనుదిన’ అని మనం తెలుగు చేసుకున్న గ్రీకు మాట కొత్త నిబంధనలో ఈ ప్రార్థనలో తప్ప ఇంకెక్కడా లేదు. అది ఈ రోజుకు సరిపడానా, రేపటికి కావలసినదా అని పండితులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. ఎలా చూసినా అది బియ్యం డ్రమ్ము గురించే.

నా గొడవ ఎక్కడంటే, ఈ కథ చెప్పగానే మనుషులు రెండు జట్లుగా విడిపోతారు. మా ఆఫీసులో ఒకాయన, “ఇచ్చింది సేటు మేడమ్, మధ్యలో దేవుడెందుకు?” అంటాడు. చర్చిలో మా పెద్దక్కలు, “ఇచ్చింది దేవుడు, సేటు పాత్ర మాత్రమే, ఆయన పేరెందుకు?” అంటారు. చూడటానికి ఇద్దరూ బద్ధ శత్రువులు. నిజానికి ఇద్దరిదీ ఒకే నమ్మకం. దేవుడూ సేటూ ఒక వాక్యంలో పట్టరని. ఒకరు పైకెక్కితే ఇంకొకరు దిగిపోవాలని. మా అమ్మ ఆ రెండో సాక్ష్యంలో ఇద్దరినీ పట్టించింది, మధ్యలో రేటు కూడా పెట్టింది. నేను అమ్మ జట్టు.

మా ఊళ్లో ఆటోల వెనకాల మీరు చూసే ఉంటారు, ఫిలిప్పీ పత్రిక నాలుగో అధ్యాయం 19వ వచనం. పత్రిక అంటే ఇక్కడ ఉత్తరం, ఫిలిప్పీలో ఉన్న విశ్వాసులకు పౌలు రాసింది, బైబిల్లో ఉంది. దేవుడు మీ ప్రతి అవసరమును తీర్చును. క్యాలెండర్ల మీద ఉంటుంది, పెళ్లికి బహుమతిగా ఇచ్చే గోడ బొమ్మల మీద ఉంటుంది. దానికి ఒక్క మెట్టు పైన 18వ వచనాన్ని ఎవరూ స్టిక్కర్ కొట్టించరు. అక్కడ పౌలు ఏమంటాడంటే, మీరు పంపినవి ఎపఫ్రొదితు చేత అందాయి, నాకేమీ తక్కువ లేదు. జైల్లో ఉన్న మనిషి, తనకు సరుకు ఎవరు పంపారో, ఎవరు మోసుకొచ్చారో పేరు పెట్టి రాశాడు. ‘అందాయి’ అనడానికి ఆయన వాడిన గ్రీకు మాట ఆ కాలంలో రసీదుల మీద ‘పైకం ముట్టింది’ అని రాసే మాటే. పైన రసీదు, కింద వాగ్దానం. మనం రసీదు చింపేసి వాగ్దానాన్ని లామినేషన్ చేయించుకున్నాం.

ఇంకో కథ నాకు మరీ ఇష్టం, బైబిల్లోనే రెండవ రాజుల గ్రంథం నాలుగో అధ్యాయంలోది. మొగుడు పోయిన ఒక ఆడమనిషి, మీద అప్పు, అప్పులవాడు ఇద్దరు కొడుకుల్నీ దాసులుగా పట్టుకుపోతానంటున్నాడు. ఎలీషా ప్రవక్త దగ్గరకొచ్చి మొరపెట్టుకుంటే ఆయన అడిగింది, ఇంట్లో ఏముంది? ఒక నూనె కుండ. అయితే వెళ్లి ఇరుగుపొరుగు ఇళ్లలో ఖాళీ పాత్రలు అడిగి తెచ్చుకో, కొన్ని కాదు, చాలా తెచ్చుకో అన్నాడు. ఆమె తలుపేసుకుని పోస్తే నూనె పాత్రలన్నీ నిండేదాకా వచ్చింది, పాత్రలు అయిపోగానే ఆగింది. ప్రసంగాల్లో ఇక్కడిదాకా చెప్పి ఆపేస్తారు. తర్వాతి మాట ఉంది. పోయి ఆ నూనె అమ్ము, నీ అప్పు తీర్చు, మిగిలినదానితో నువ్వూ నీ పిల్లలూ బతకండి. అద్భుతం జరిగాక మొట్టమొదటి పని బాకీ తీర్చడం. పైగా గమనించండి, వీధిలో ప్రతి ఇంటి తలుపూ కొట్టి గిన్నెలు అరువు తెచ్చుకోమన్నాడంటే ఆమె ఇంట్లో ఏదో కష్టం ఉందని వీధి మొత్తానికి తెలిసిపోయి ఉంటుంది. ఎవ్వరికీ చెప్పొద్దు అనే మా అమ్మ రూలు అక్కడ చెల్లలేదు.

ఇదంతా మా క్రైస్తవుల గొడవ అనుకునేవాళ్లు గోల్కొండకు రండి. భద్రాచలం రాముడి గుడికి సర్కారు శిస్తు డబ్బు ఖర్చుపెట్టాడని కంచర్ల గోపన్నను తానీషా ఖైదులో వేయించాడు. రామదాసు బందీఖానా అని కోటలో ఇప్పటికీ చూపిస్తారు. చివరికి రామలక్ష్మణులే వచ్చి తానీషాకు ఆరు లక్షలు కట్టారని కథ. చరిత్ర సంగతి నేను చెప్పలేను, కథ సంగతి చెప్తాను. దేవుడు తలుచుకుంటే గోడ కూల్చి భక్తుణ్ణి తీసుకుపోవచ్చు. తానీషాకు పిచ్చెక్కించవచ్చు. ఆ పనులేవీ చేయలేదు. రాత్రిపూట నడిచొచ్చి బాకీ మొత్తం లెక్కపెట్టి కట్టాడు, కట్టి రసీదు తీసుకున్నాడు! ఆ కథ అల్లిన మన తాతలెవరో గానీ వాళ్లకు రెవెన్యూ వాళ్లతో బాగా అనుభవం ఉండి ఉండాలి.

మా ఆఫీసు వాళ్లలో సగం మంది వీసా కోసం చిలుకూరు బాలాజీ గుడికి వెళ్లి వచ్చినవాళ్లే. కోరుకున్నప్పుడు 11 ప్రదక్షిణలు, తీరాక 108. హుండీ లేదు. నా మతం కాకపోయినా ఆ లెక్క నాకు నచ్చుతుంది. అడిగినదానికి దాదాపు పదింతలు తిరిగొచ్చి తీర్చుకోవాలి. అడగడానికి వచ్చినవాళ్లలో తీర్చడానికి ఎంతమంది వస్తారో ఆ గుడి మెట్లకే తెలియాలి.

విశ్వాసంతో బతకడం అనగానే మా ప్రసంగీకులు తప్పకుండా తీసే పేరు జార్జ్ ముల్లర్. 1805లో ప్రష్యాలో పుట్టి ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో స్థిరపడిన మనిషి. 1836లో అద్దె ఇంట్లో 30 మంది ఆడపిల్లలతో అనాథాశ్రమం మొదలుపెట్టాడు. 1898లో చనిపోయేనాటికి ఆయన ఆశ్రమాల్లో పెరిగిన పిల్లలు సుమారు 10,000 మంది. ఎవర్నీ చందా అడగలేదు. పిల్లలు ఖాళీ పళ్లేల ముందు కూర్చుంటే ఆయన స్తోత్రం చెప్పడం, రొట్టెలవాడు తలుపు తట్టడం, పాలబండి వాకిట్లో విరగడం, ఈ కథ నేను కనీసం యాభైసార్లు విన్నాను. వినని భాగం ఒకటుంది. ముల్లర్ లెక్కల మనిషి. ఎంత చిన్న మొత్తం వచ్చినా నంబరు వేసి రసీదు ఇచ్చేవాడు. ఏడాది నివేదికలో ప్రతి పద్దూ అచ్చువేసేవాడు, ఇచ్చినవాళ్లు తమ డబ్బు చేరిందో లేదో చూసుకోవచ్చు. అప్పు చేయకూడదని ఎంత పట్టుదలంటే, చేతిలో డబ్బు ఊగిసలాడుతున్న రోజుల్లో రొట్టెకూ పాలకూ వారం ఖాతా మానేసి ఏ రోజుకారోజు కట్టేవాడు. ఎవనికిని ఏమియు అచ్చియుండవద్దు, అంటే ఎవరికీ ఏమీ బాకీ ఉండొద్దు అని రోమా పత్రికలో ఉన్న మాటను ఆయన అక్షరాలా పట్టుకున్నాడు.

ఆయన మీద ఒక విమర్శ ఉంది, అందులో పస కూడా ఉంది. అడగలేదు అంటూనే దేవుడు ఎలా ఇచ్చాడో ప్రతి ఏడూ అచ్చువేసి పంచితే అది అడగడం కాదా? ఈ సంగతి ఆయనకూ తెలుసనుకుంటాను. 1841 చివర్లో ఆశ్రమం చేతిలో చిల్లిగవ్వ ఆడని రోజుల్లో ఆ ఏటి నివేదికను వాయిదా వేశాడు. ఇప్పుడు చెబితే అది చేయి చాచినట్టవుతుందని. ఈ రోజుల్లో ప్రసంగం మధ్యలో క్యూఆర్ కోడ్ తెర మీద వేసి “దేవుడు మీ హృదయంతో మాట్లాడుతున్నాడు” అనేవాళ్లను చూసినప్పుడల్లా నాకు ఆ వాయిదా గుర్తొస్తుంది. పాలవాడి బాకీ ఏ రోజుకారోజు తీర్చిన మనిషి కథను వీళ్లు చెప్తారు. వీళ్ల షామియానా వాడికి డబ్బులు ముట్టాయో లేదో ఎవరూ అడగరు.

సరే, ఇప్పుడు నాకు ఇబ్బంది కలిగించే వైపు వెళ్దాం. అమ్మ ఎందుకు ఎవరికీ చెప్పొద్దంది?

చిన్నప్పుడు అది భక్తి అనుకున్నాను. పెద్దయ్యాక పొగరు అనుకున్నాను. ఈ మధ్య అడిగితే చెప్పింది. లాకౌట్ మొదలైన కొత్తలో ఒక పెద్దింటావిడకు చెప్పిందట. ఆవిడ రెండు కిలోల బియ్యం ఇచ్చింది, పాత చీర ఇచ్చింది. దాంతోపాటు నాన్న మీద ఒక అరగంట హితబోధ కూడా ఇచ్చింది. తర్వాత ఆదివారం చర్చిలో అమ్మ ఆ చీర కట్టుకొస్తే పక్కావిడకు చూపించి గుసగుసలాడింది. “ఆ బియ్యం రెండు దినాలల్ల ఒడిసినయి. ఆ చూపు ఇప్పటికీ ఒడువలే” అంది అమ్మ. దేవుడికి చెబితే కనీసం ఆయన ఎవరికీ చెప్పడు. పేదవాళ్ల రహస్య ప్రార్థనలో భక్తి ఎంత ఉందో పరువు అంతే ఉంది. అందుకని ‘ప్రార్థన మానేసి నోరు తెరిచి అడగండి’ అని నేను అనలేను. నోరు తెరిస్తే ఏమవుతుందో నెల జీతం వచ్చే నాకన్నా వాళ్లకు బాగా తెలుసు.

ఇక్కడే సేటు చేసిన పని నాకు కొత్తగా కనిపిస్తుంది. ఆయన ఆ బియ్యం ఊరికే ఇవ్వొచ్చు. కోఠీలో గోదాము ఉన్న మనిషికి 75 రూపాయలు లెక్క కాదు. కానీ ఖాతాలో రాసుకున్నాడు. చాలా రోజులు అది నాకు పిసినారితనంగా కనిపించింది. ఊరికే ఇస్తే మేం దానం పుచ్చుకున్నవాళ్లం. రాసుకున్నాడు కాబట్టి బాకీ ఉన్నవాళ్లం, రేపు తీర్చగలిగినవాళ్లం. మా నాన్న తీరుస్తాడని ఆ నాలుగు నెలల్లో మా నాన్న కన్నా ఎక్కువ నమ్మింది ఆయనే. మా చీర సంగతి ఆయనకు తెలిసే అవకాశమే లేదు. అయినా గడప దగ్గర సంచి పెట్టించి చప్పుడు చేయకుండా వెళ్లిపోవడం, పద్దు మాత్రం రాసుకోవడం, ఈ రెండూ కలిపి చేసిన మనిషికి ఇవ్వడం వచ్చు.

ఇది మా ఇంట్లో కొత్తదేం కాదు. మా ముత్తాతది మెదక్ పక్క పల్లె. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో కరువొచ్చినప్పుడు చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే మిషనరీ ఆకలితో వచ్చిన జనానికి చర్చి కట్టే పని చూపించి తిండి పెట్టాడు. 1914లో మొదలైన కట్టడం పదేళ్లు సాగి 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగింది. మా ముత్తాత అక్కడ రాళ్లు మోశాడు. ఆ కుటుంబం కరువులో గింజల కోసం దేవుడికి మొక్కుకునే ఉంటుంది. మరి మా తాత ఆ కథ చెప్పేటప్పుడు ఏనాడూ “దొర అన్నం పెట్టిండు” అనలేదు. “మా నాయిన గుడి కట్టిండు” అనేవాడు. ఇప్పుడు వారాంతంలో హైదరాబాద్ నుంచి కార్లేసుకుని వెళ్లి ఆ గోపురం ముందు ఫొటోలు దిగుతారు. నేను వెళ్తే గోడకు చెయ్యి ఆనించి కాసేపు నిలబడతాను. ఏ రాయో తెలియదు కదా.

‘యెహోవా యీరే’ అని దుకాణాల బోర్డుల మీద చూసే ఉంటారు. దేవుడు సమకూర్చును అని అర్థం చెప్తారు. హెబ్రీలో అక్కడున్న మాట చూడటం. దేవుడు చూస్తాడు అని. తెలుగు బైబిలు అనువదించినవాళ్లెవరో గానీ భలే పట్టుకున్నారు, ‘చూచుకొనును’ అని రాశారు. మన భాషలో కళ్లతో చూడటమూ చూసుకోవడమూ ఒకే మాటలోంచి పుట్టాయి. ముసలి అత్తగారిని కోడలు చూసుకుంటుంది, దుకాణాన్ని కొడుకు చూసుకుంటాడు. ముందు చూడాలి, అప్పుడే చూసుకోవడం. పది రోజులుగా ఒక ఆడమనిషి బియ్యానికి రావడం లేదని గల్లా పెట్టె వెనక కూర్చున్న మనిషి చూశాడు. మా పక్క వాటా వాళ్లు చూడలేదు, చర్చివాళ్లు చూడలేదు. అమ్మ ప్రార్థనకు జవాబు నేను నోరు జారినప్పుడు మొదలైందని ఇన్నాళ్లూ అనుకున్నాను. కాదు, దానికి ముందే, ఆయన ఆ ప్రశ్న అడిగినప్పుడే మొదలైంది.

దీని మీద అమ్మకు వేరే అభిప్రాయం ఉంది. “నిన్ను అగ్గిపెట్టెకు పంపింది ఎవరే?” అంటుంది. అమ్మే కదా పంపింది అంటే నవ్వుతుంది. ఆ వాదనలో నేను గెలవలేను, గెలవాలని కూడా లేదు.

నారు పోసినవాడు నీరు పోయడా అని సామెత. ఎవరంటారో ఎప్పుడైనా గమనించారా? నారు తనది కానివాళ్లు అంటారు. నీళ్లు రాక ఎండిన నారుమళ్లు మెదక్ వైపు నేను చిన్నప్పటి నుంచీ చూస్తూనే ఉన్నాను. ఆ గట్ల మీద నిలబడినవాళ్లు ఎవరూ ఈ సామెత చెప్పగా వినలేదు. వాళ్లూ ప్రార్థన చేసినవాళ్లే. వాళ్ల నీళ్లు ఎందుకు రాలేదంటే నా దగ్గర జవాబు లేదు, విశ్వాసం తక్కువైంది అనే జవాబు మాత్రం నా నోటితో చెప్పను.

అమ్మ ప్రార్థనలు రాసుకునే పుస్తకం ఎల్‌ఐసీ డైరీ. ఏజెంటు మామయ్య ఏటా ఒకటి ఇచ్చేవాడు. అట్ట మీద దీపం చుట్టూ రెండు చేతులు, కింద గీతలోని మాట, యోగక్షేమం వహామ్యహం. లేనిది తెచ్చిపెట్టడం యోగం, ఉన్నది నిలబెట్టడం క్షేమం, రెండూ నేనే మోస్తాను అని తొమ్మిదో అధ్యాయంలో కృష్ణుడు చెప్పిన మాట. లోపల మత్తయి, కీర్తనలు, మా జ్వరాలు, ఫీజులు. లాకౌట్ ఏడు ప్రీమియం కట్టలేక నాన్న పాలసీ ల్యాప్స్ అయింది, డైరీ మాత్రం వచ్చింది. భగవంతుడి పూచీని అట్ట మీద వేసుకున్న సంస్థకు కూడా కట్టిన రసీదు కావాలి మరి. ఆ రెండో సాక్ష్యం తర్వాతే అమ్మ డైరీలో పేజీ మధ్యన నిలువుగా ఒక గీత వచ్చింది. ఎడమవైపు అడిగింది. కుడివైపు ఎవరి చేతి మీదుగా వచ్చింది, ఎంత, తిరిగి ఇవ్వాల్సిందా. ఇప్పుడు ఆమెకు 74 ఏళ్లు. నాచారంలో మా దగ్గరే ఉంటుంది. డైరీలు మాత్రం మానలేదు.

మొన్న ఫిబ్రవరిలో మా చర్చి వాట్సాప్ గ్రూపులో ఒక మనవి వచ్చింది. కుట్టుపని చేసుకునే ఒకామె, భర్తకు బండి మీద వెళ్తుంటే యాక్సిడెంట్ అయింది, కాలికి ఆపరేషన్, ప్రార్థించండి అని. గంటలో అరవై మూడు ఆమేన్లు. చేతులు జోడించిన బొమ్మలు వేరే. నేనూ ఒక ఆమేన్ కొట్టి టీ పెట్టడానికి లేచాను. అమ్మకు చదివి వినిపిస్తే కళ్లజోడు పైనుంచి చూసి, “ఎంతనట?” అంది.

“ఏమెంత?”

“బిల్లు ఎంతనట?”

గ్రూపు మొత్తం పైకీ కిందకీ జరిపి చూశాను. అరవై మూడు మందిలో ఒక్కరూ అడగలేదు. నాకు సిగ్గేసింది. పెద్దింటావిడ కూడా కనీసం రెండు కిలోలు ఇచ్చింది. విడిగా మెసేజ్ పెట్టాను. గంటదాకా జవాబు లేదు, తర్వాత వచ్చింది: “38 వేలు అక్కా. 13 సర్దుకున్నం.”

మా చర్చి ఆడవాళ్లం 20 మంది కలిసి చీటీ వేస్తాం. నెలకు 2,500, మొత్తం 50 వేలు. పాట పెడితే అవసరం ఎక్కువున్నవాళ్లు ఎనిమిది, తొమ్మిది వేలు వదులుకుని ఎత్తుకుంటారు. మిగతావాళ్లకు అందులో వాటా వస్తుంది. ఈ నెల పాట లేకుండా ఆమెకు ఇచ్చేద్దామా అని చీటీ నడిపే అక్కకు ఫోన్ చేశాను. “ఒకసారి అట్ల చేస్తే అందరూ అడుగుతరు” అని ఆమె గొణిగింది, అందులో నిజం ఉంది. ఇద్దరు ఒప్పుకోలేదు. ఒకామె బిడ్డ కాలేజీ ఫీజుకని ఈ నెల చీటీ మీదే ఆశ పెట్టుకుంది. వచ్చే నెల పాట లేకుండా ఆమెకు అని మాటిస్తే దిగొచ్చింది. రెండో ఆమె సాయంత్రానికి ఎందుకో తనంతట తానే సరే అంది. మర్నాడు డబ్బు చేరింది. దానం కాదు, మిగతా నెలలన్నీ ఆమె 2,500 కట్టాల్సిందే. ఆ మాట ఆమే ముందు అంది.

ఆదివారం ఆమె గుళ్లో లేచి సాక్ష్యం చెప్పింది. దేవుడు తీర్చాడంది. చీటీ సంగతి చెప్పింది, పేర్లు చెప్పలేదు. మేమే వద్దన్నాం. ఇంటికొచ్చాక ఈ సంగతి అమ్మకు చెబితే ఒప్పుకోలేదు. డైరీ తెరిచి, ఆ కుట్టుపని ఆమె ప్రార్థన ఎడమవైపు ఎప్పుడో రాసి పెట్టుకుంది, కుడివైపుకు పెన్ను తెచ్చి ఒక్కొక్కరి పేరూ అడగడం మొదలుపెట్టింది. ఒప్పుకోని ఇద్దరి పేర్లు కూడా, తర్వాత ఒప్పుకున్నారు కదా అని. పదకొండో పేరు దగ్గర ఆగి కళ్లజోడు తీసి తుడుచుకుంది.

“ఈ యేడు డైరీల గీతలు మరీ దగ్గర దగ్గరగ ఉన్నయే. ఇర్వై మంది ఎట్ల పడతరు ఇండ్ల?”